లావు కావడానికి థైరాయిడే కారణమా?

"మేడం, నాకు థైరాయిడ్ ఉన్నదట. గందుకే లావైతున్న. దినాం రెండు గోలీలేసుకుంటె జల్ది తగ్గుతనా?"

మిరుదొడ్డి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే అక్కలు, అమ్మలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఇందులో కొంత నిజం ఉంది, కొంత అపోహ ఉంది. చివరి మాటలో మాత్రం ప్రమాదం ఉంది.

థైరాయిడ్ అంటే ఏమిటి?

గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి పేరే థైరాయిడ్. ఇది అందరికీ ఉంటుంది. కాబట్టి థైరాయిడ్ ఉండడం జబ్బు కాదు, దాని పని తగ్గడమో పెరగడమో జబ్బు. ఆహారంలోని అయోడిన్‌తో ఈ గ్రంథి హార్మోన్లు తయారు చేస్తుంది. శరీరం ఎంత వేగంగా శక్తిని ఖర్చు చేయాలో, గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో, ఒంట్లో ఎంత వేడి పుట్టాలో ఈ హార్మోన్లే నిర్ణయిస్తాయి.

రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. ఎక్కువ వస్తే "థైరాయిడ్ ఎక్కువైంది" అని చాలామంది అనుకుంటారు. నిజానికి సాధారణంగా దాని అర్థం తగ్గిందని. ఎద్దు నెమ్మదిస్తే అరక దున్నే రైతు గట్టిగా అదిలిస్తాడు కదా! అలాగే థైరాయిడ్ మందగిస్తే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి టి.ఎస్.హెచ్.ను ఎక్కువగా పంపుతుంది.

ఈ సమస్య అరుదైనది కాదు. హైదరాబాద్‌తో సహా దేశంలోని ఎనిమిది నగరాల్లో 5,360 మంది పెద్దలను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 11 శాతం మందికి థైరాయిడ్ పని తగ్గినట్లు తేలింది. వారిలో దాదాపు మూడో వంతు మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

బరువు ఎంత పెరుగుతుంది?

థైరాయిడ్ పని తగ్గినందువల్ల పెరిగే బరువు సాధారణంగా 2 నుంచి 4.5 కిలోలు మాత్రమే. అందులో ఎక్కువ భాగం కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూ. మందు సరిపోయాక ఇది చాలావరకు తగ్గుతుంది. కానీ ఒకరు 15 కిలోలు పెరిగారంటే మిగిలిన బరువుకు వేరే కారణాలు చూడాలి.

పొద్దంతా కదలకుండా కూర్చుని బీడీలు చుట్టడం, మూడు పూటలా అన్నమే ఎక్కువగా తినడం, రోజుకు నాలుగైదుసార్లు చక్కెర చాయ్ తాగడం ఇలాంటి కారణాలే. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర పెంచి అన్నం తగ్గించాలి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి, రోజూ అరగంట నడవాలి. ఈ పని గోలి చేయలేదు. ఇంకో విషయం, అధిక బరువు వల్ల కూడా టి.ఎస్.హెచ్. కొద్దిగా పెరగవచ్చు, బరువు తగ్గితే అది కూడా తగ్గవచ్చు. అందుకే కొద్దిపాటి తేడా వచ్చిన ప్రతివారికీ మందు అవసరం ఉండదు.

థైరాయిడ్ పని మితిమీరితే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. బాగా తింటున్నా బరువు తగ్గడం, గుండె దడ, చేతులు వణకడం, ఉక్క తట్టుకోలేకపోవడం కనిపిస్తాయి. "సన్నబడ్డాను" అని సంతోషించకుండా వెంటనే డాక్టరును కలవాలి.

ఎక్కువ గోలీలు వేసుకుంటే?

థైరాక్సిన్ బరువు తగ్గించే మందు కాదు. శరీరంలో తక్కువైన హార్మోన్‌ను భర్తీ చేసే మందు. మోతాదు మించితే గుండె లయ తప్పవచ్చు, కండలు కరగవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు. బరువు తగ్గలేదని మానేయడం కూడా ప్రమాదమే.

మందు ఎలా వేసుకోవాలి?

• పొద్దున్నే పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోవాలి. చాయ్, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాతే.
• ఐరన్, కాల్షియం మాత్రలకు కనీసం 4 గంటల ఎడం ఉండాలి.
• మోతాదు మార్చాక 6 నుంచి 8 వారాలకు మళ్ళీ రక్తపరీక్ష చేయించాలి.
• గర్భం వస్తే మందు మానకూడదు, వెంటనే డాక్టరును కలవాలి. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది. చాలామందికి అప్పుడు మోతాదు పెంచవలసి వస్తుంది.

వంటింట్లో

దొడ్డుప్పుకు బదులు అయోడిన్ కలిపిన ఉప్పు వాడండి. మూత పెట్టి, పొయ్యి వేడి తగలని చోట ఉంచండి. వంట దించే ముందు వేయడం మంచిది. అయితే అయోడిన్ ఉంది కదా అని ఉప్పు ఎక్కువ తినకూడదు, బి.పి. పెరుగుతుంది. వండిన క్యాబేజీ, గోబీ మామూలుగా తింటే భయం లేదు.

పరీక్ష ఎవరికి అవసరం?

బరువుతో పాటు నీరసం, చలి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, పొడి చర్మం, జుట్టు రాలడం, నెలసరి తేడాలు, గొంతు ముందు వాపు ఉన్నవారు టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించుకోవాలి. దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ముందుగా అడిగి చూడండి.

ఇక ఆ అక్క ప్రశ్నకు జవాబు: రెండు గోలీలు వద్దమ్మా. డాక్టరు రాసిన మోతాదే వేసుకోండి, రోజూ వేసుకోండి. మిగిలిన బరువు సంగతి మీ కంచం, మీ నడక చూసుకుంటాయి.