కంప్రెసర్ మార్చినా కుంగుతున్న కారు.. దోషం వేరేచోట!

కర్నూలు, కడప: రాత్రి ఇంటి ముందు నిలిపినప్పుడు దర్జాగా నిలుచున్న కారు తెల్లవారేసరికి ఒక మూల చతికిలబడి ఉంటుంది. ఇంజిను వేయగానే కింద ఎక్కడో చిన్న మోటారు గుర్రుమంటూ తిరుగుతుంది, బండి మెల్లగా లేస్తుంది. కొన్నాళ్లకు ఆ లేవడమూ ఆగిపోయి డ్యాష్‌బోర్డుపై హెచ్చరిక దీపం వెలుగుతుంది. హైదరాబాద్, బెంగళూరు నగరాల నుంచి ఆడి క్యూ7, రేంజ్ రోవర్, డిస్కవరీ, మెర్సిడెస్ జీఎల్ వంటి పాత విలాసవంతమైన ఎస్‌యూవీలను కొని తెచ్చుకున్నవారిని వేధించే సమస్య ఇది. పదేళ్లు పైబడిన వాహనాల్లో ఎయిర్ సస్పెన్షన్ మొరాయించడం వింతేమీ కాదు. మరమ్మతు చేయించిన కొద్ది నెలలకే అదే లోపం తిరగబెట్టడమే యజమానులకు అంతుపట్టని విషయం. కారణం చాలాసార్లు ఒక్కటే. కాలిపోయిన కంప్రెసర్‌ను మారుస్తున్నారు తప్ప అది ఎందుకు కాలిందో చూడటం లేదు. పైపులో చిల్లు అలాగే ఉంచి బోరు మోటారు మార్చినట్లుంటుంది ఈ వ్యవహారం.

గాలి మీద నిలిచే బండి

లారీకి కమాన్ కట్టలు, మామూలు కారుకు ఉక్కు స్ప్రింగులు చేసే పనిని ఈ వాహనాల్లో రబ్బరు సంచులు చేస్తాయి. నాలుగు చక్రాల వద్ద నాలుగు సంచులు, వాటికి గాలి పంపే విద్యుత్ కంప్రెసర్, ఏ సంచికి ఎంత గాలి వెళ్లాలో తెరిచి మూసే వాల్వు బ్లాకు, ప్రతి మూలన ఎత్తును కొలిచే సెన్సరు, అన్నింటినీ నడిపే కంప్యూటరు ఉంటాయి. పలు మోడళ్లలో గాలిని నిల్వ చేసే చిన్న ట్యాంకు కూడా ఉంటుంది. టైరులో ఉండే గాలి ముప్పై అయిదు పీఎస్‌ఐ అయితే ఆ ట్యాంకులో రెండు వందలు దాటుతుంది. రేంజ్ రోవర్‌లో ఈ ఏర్పాటు 1992లోనే వచ్చింది.

గాలి సంచులు మన రహదారులకూ కొత్త కాదు. 2001లో దేశంలోకి వచ్చిన వోల్వో బస్సులు వాటి మీదే నడిచాయి. అయితే బస్సులో కంప్రెసర్‌ను ఇంజినే తిప్పుతుంది. అది గంటల తరబడి తిరిగినా తట్టుకుంటుంది. కారులోనిది అరచేతిలో పట్టేంత మోటారు. కొద్ది నిమిషాలు తిరిగి చల్లబడటానికే దాన్ని తయారు చేశారు. ఈ తేడాను గమనించకపోతే మిగతా కథ అర్థం కాదు.

చిన్న లీకు, పెద్ద నష్టం

కంప్రెసర్ బయటి గాలిని పీల్చినప్పుడు దానితోపాటు తేమ కూడా వస్తుంది. దాన్ని పీల్చుకునేందుకు కంప్రెసర్ పక్కనే డ్రయర్ ఉంటుంది. కొత్త చెప్పుల పెట్టెలో కనిపించే పొట్లంలోని గుళికల వంటివే అందులోనూ ఉంటాయి. కారు కిందికి దిగినప్పుడు సంచుల్లోని పొడి గాలి మళ్లీ ఈ గుళికల మీదుగానే బయటికి పోతూ, అవి పట్టి ఉంచిన తేమను మోసుకుపోతుంది. డ్రయర్ తనను తాను ఆరబెట్టుకునే మార్గం ఇదొక్కటే.

సంచికో గొట్టానికో సన్నని చిల్లు పడితే గాలి ఆ దారినే పోతుంది, డ్రయర్ గుండా తిరిగి రాదు. కంప్రెసర్ మాత్రం లోటు పూడ్చేందుకు పదేపదే కొత్త గాలిని, కొత్త తేమను లోపలికి నెడుతూనే ఉంటుంది. గుళికలు తడిసి పొడిగా రాలతాయి. ఆ తెల్లని పొడి వాల్వు బ్లాకులోకి చేరి వాల్వులను పూర్తిగా మూసుకోనివ్వదు. అక్కడ ఇంకో లీకు మొదలవుతుంది. విరామం లేక మోటారు వేడెక్కుతుంది, పిస్టను రింగు అరుగుతుంది. చివరికి కంప్రెసర్ కాలుతుంది. కొత్తది బిగించినా పాత చిల్లు, వాల్వుల్లోని పొడి అలాగే ఉంటే దానిదీ అదే గతి.

దీనికి తోడు కంప్రెసర్‌కు విద్యుత్తు అందించే రిలే ఒకటుంది. ఎక్కువసార్లు పనిచేసిన రిలేలో లోపలి పలకలు అతుక్కుపోతాయి. అప్పుడు కారు ఆపినా మోటారు ఆగదు. వేల రూపాయల యంత్రాన్ని కాల్చేది కొన్నిసార్లు ఈ చిన్న డబ్బీయే. కంప్రెసర్ మార్చినప్పుడల్లా రిలేను కూడా మార్చడం మేలు.

దుమ్ము, ఎండ తోడైతే

బేతంచర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్న దారుల్లో లేచే రాతి దుమ్ము ఈ సంచులకు బద్ధశత్రువు. సంచి కింది భాగంలో రబ్బరు మడత పడి, చక్రం ఎగిరినప్పుడల్లా ఆ మడత దొర్లుతుంటుంది. అందులో చేరిన దుమ్ము గరుకు కాగితంలా రబ్బరును తింటుంది. ఎండకు రబ్బరు బిరుసెక్కి పగుళ్లు పడతాయి. వేసవిలో మరో చిక్కు. మోటారు మరీ వేడెక్కితే కంప్యూటరే దాన్ని ఆపేస్తుంది. నలభై మూడు డిగ్రీల ఎండలో ఈ పరిమితి త్వరగా వస్తుంది. సాయంత్రం చల్లబడ్డాక కారు తనంతట తానే లేచిందంటే యంత్రం పాడైనట్లు కాదు, అది అతిగా శ్రమిస్తున్నట్లు.

టేపు, సబ్బునీళ్లు చాలు

మొదటి పరీక్షకు కంప్యూటరు అక్కరలేదు. చదునైన నేలపై కారు నిలిపి, చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు నాలుగు మూలలా కొలిచి రాసుకోవాలి. ఉదయం మళ్లీ కొలవాలి. ఒక్క మూలే దిగితే ఆ సంచి, దాని గొట్టం, లేదా వాల్వు బ్లాకులో ఆ మూలకు చెందిన వాల్వు అనుమానితం. నాలుగూ సమానంగా కాస్త దిగితే కంగారు పడనక్కరలేదు. సాయంత్రం 42 డిగ్రీలున్న గాలి తెల్లవారి 27కు చల్లబడితే దాని పరిమాణం దాదాపు 5 శాతం తగ్గుతుంది. ల్యాండ్ రోవర్ వంటి కొన్ని వాహనాలు నిలిపి ఉంచినప్పుడూ మధ్యమధ్య మేల్కొని, దిగిన మూలకు సమంగా మిగతా మూలలను దించుతాయి. అటువంటి వాటిలో సస్పెన్షన్ ఫ్యూజు తీసి ఉంచి కొలిస్తేనే అసలు దొంగ దొరుకుతాడు.

తర్వాత పంక్చరు దుకాణంలో చేసే పనే. సబ్బునీళ్లు చల్లి బుడగల కోసం చూడాలి. సంచి మడతలో దాగిన పగులు కారు తక్కువ ఎత్తులో ఉంటే కనిపించదు, పూర్తి ఎత్తుకు లేపాకే చూడాలి. గొట్టాలు వాల్వు బ్లాకులో, సంచి పైభాగంలో చేరే చోట్లనూ వదలకూడదు. ఎక్కడా బుడగ రాకపోతే అప్పుడు ఎత్తు సెన్సర్ల వంతు. వాటి చిన్న చేతులు మట్టి పట్టి బిగుసుకున్నా, విరిగినా కంప్యూటరుకు తప్పుడు లెక్క చేరుతుంది. బ్యాటరీ బలహీనమైనా ఉత్తుత్తి లోపాలు నమోదవుతాయి. స్కానరు ‘ట్యాంకు నెమ్మదిగా నిండుతోంది’ అని చూపిస్తే కంప్రెసర్ పోయిందని తీర్పు చెప్పడం పొరపాటు. లీకు ఉన్నా, గాలి పీల్చే ఫిల్టరు దుమ్ముతో మూసుకున్నా అదే కోడ్ వస్తుంది.

కారు కిందికి దూరితే ప్రాణాపాయం

గాలి సంచులను నమ్మి, జాకీ ఒక్కదానితో లేపి ఎవరూ ఈ కారు కిందికి వెళ్లకూడదు. తలుపు తీసి వేసినా కొన్ని మోడళ్లలో కంప్యూటరు మేల్కొని ఎత్తును సరిచేస్తుంది. గొట్టం ఊడితే రెండు టన్నులకు పైబడిన బరువు క్షణాల్లో కిందికి వస్తుంది. సబ్బునీళ్ల పరీక్షకైనా సరే, ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టి, జాకీ మోడ్ ఉంటే దాన్ని వేయాలి. గొట్టం విప్పే ముందు పీడనాన్ని స్కానరుతో వదిలించాలి. పూర్తిగా కుంగిన కారును కడప-రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాటులో దింపడం కూడా సాహసమే. టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది, మలుపుల్లో బండి అదుపు తప్పుతుంది. చక్రాలు నేలను తాకకుండా మొత్తం వాహనాన్ని ఎక్కించుకునే లారీని పిలవడమే మార్గం.

ఉక్కు స్ప్రింగులకు మారితే?

విసిగిపోయినవారు గాలి సంచులు తీసేసి ఉక్కు స్ప్రింగుల కిట్ బిగించుకుంటున్నారు. ఖర్చు తగ్గే మాట నిజమే గానీ, కంప్యూటరును సరిచేయకపోతే హెచ్చరిక దీపం ఆరదు, ఎత్తు మార్చుకునే వీలూ ఉండదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనాల్లో మార్పులపై ఆంక్షలు విధించింది. కనుక రవాణా అధికారులను, బీమా సంస్థను ముందే సంప్రదించాలి. గాలి సంచులతోనే కొనసాగదలిస్తే ఒక ఇరుసుకు రెండు సంచులనూ కలిపి మార్చి, డ్రయర్ గుళికలు, వాల్వు బ్లాకు శుభ్రం చేయించి, చివరగా కంప్రెసర్ సంగతి చూడాలి. సెన్సరు మార్చితే ఎత్తు కొలతలను కంప్యూటరులో తిరిగి సరిచూసే వరకు పని పూర్తయినట్లు కాదు.

పాత వాహనం కొనబోయేవారు దాన్ని ఉదయం, ఇంజిను వేయకముందే చూడటం మంచిది. అమ్మేవారు ముందుగానే బండిని లేపి ఉంచితే చతికిలబడిన మూల కనిపించదు. పలు మోడళ్లలో కంప్రెసర్ బాడీ కింద తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి, 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్ వరదల్లో మునిగిన బండి కాదని బీమా క్లెయిముల వివరాల్లో చూసుకున్నాకే బేరం మాట్లాడాలి.