సహారాలో వేల ఏళ్ల నాటి బొమ్మలు.. చూడాలంటే నడవాల్సిందే!

సహారా ఎడారిలో ఒకప్పుడు హిప్పోలు, మొసళ్లు తిరిగాయంటే నమ్ముతారా? అల్జీరియాలోని తస్సిలి నజ్జేర్ రాతి చిత్రాలే అందుకు సాక్ష్యం. 15 వేలకు పైగా చిత్రాలు, చెక్కడాలున్న ఈ ప్రాంతాన్ని 1982లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అక్కడికి వెళ్లాలంటే అల్జీర్స్ నుంచి విమానంలో జానెట్ పట్టణానికి చేరుకోవాలి. అయితే టికెట్ కంటే ముందు లైసెన్స్ ఉన్న స్థానిక ఏజెన్సీని బుక్ చేసుకోండి. గైడ్ లేకుండా పార్కులోకి వెళ్లనివ్వరు. పీఠభూమిపైకి రోడ్డు లేదు. సామాను గాడిదలు మోస్తాయి, మనం మాత్రం నడవాల్సిందే. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అనువైన సమయం. కానీ రాత్రిళ్లు గడ్డకట్టే చలి ఉంటుంది కాబట్టి మందపాటి స్లీపింగ్ బ్యాగ్ తప్పనిసరి.

అన్నిటికంటే ముఖ్యం.. బొమ్మలను తాకొద్దు, ఫొటో బాగా రావాలని నీళ్లు చల్లొద్దు. గతంలో ఇలా తడపడం వల్లే కొన్ని చిత్రాల రంగులు వెలిసిపోయాయి.