సంచిలో పట్టే కంప్యూటరు

మా వీధి చివరింటి అమ్మాయి పాలిటెక్నిక్‌లో చేరింది. రోజూ రెండు బస్సులు మారి వెళ్ళాలి. వాళ్ళ నాన్నగారు చీటీ పాడుకుని 35 వేలు తెచ్చి, "మాస్టారూ, దీనికో ల్యాప్‌టాప్ చూసిపెట్టండి. మళ్ళీ మూడేళ్ళదాకా నావల్ల కాదు" అన్నారు.

మూడేళ్ళు! చిక్కంతా అక్కడే ఉంది. పొరపాటున ఏదో ఒకటి కొంటే మూడేళ్ళూ దాంతోనే వేగాలి. 2019లో మా మేనల్లుడు అలాగే వేగాడు. కొట్టతను "ఒక టెరాబైటు డిస్కు బాబూ, ఎన్ని సినిమాలైనా పడతాయి" అన్నాడు. పట్టాయి, కాదనను. కాని మీట నొక్కి, కాఫీ తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర మీద గుండ్రంగా చక్రం తిరుగుతూనే ఉండేది.

ఎందుకలా? కంప్యూటరులో లెక్కలు చేసేది ప్రాసెసరు. దానికి కావలసిన సమాచారం రెండుచోట్ల ఉంటుంది. ఒకటి ర్యామ్. ఇది మీరు చదువుకునే బల్లలాంటిది. చెయ్యి చాస్తే పుస్తకం అందుతుంది. రెండోది నిల్వచేసే చోటు. అది బీరువా, లేచివెళ్ళి తెచ్చుకోవాలి. కంప్యూటరు ఆపగానే బల్ల ఖాళీ అయిపోతుంది. బీరువాలోవి మాత్రం భద్రంగా ఉంటాయి.

పాతరకం బీరువా పేరు హార్డ్ డిస్కు. అందులో ఒక పళ్ళెం నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 90. మనకు కావలసిన చోటు చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అరచుట్టు పడుతుంది. అంటే సెకనులో 180వ వంతు. ముల్లు పక్కకు జరిగే సమయం దీనికి అదనం. అంతా కలిపి సెకనులో వెయ్యోవంతులు సుమారు 15 అవుతాయి. కొత్తరకం బీరువా ఎస్.ఎస్.డి. అందులో తిరిగేదేమీ లేదు, అంతా చిప్పులే. పని సెకనులో సుమారు పదివేలో వంతులో అయిపోతుంది. ర్యామ్‌కైతే సుమారు కోటోవంతు చాలు.

ఇంత చిన్న అంకెలు మన బుర్రకెక్కవు. అందుకని కాలాన్ని కాస్త సాగదీద్దాం. ర్యామ్‌నుంచి తేవడానికి ఒక నిమిషం పట్టిందనుకోండి. ఆ లెక్కన ఎస్.ఎస్.డి.నుంచి తేవడానికి 17 గంటలు పడుతుంది. మరి హార్డ్ డిస్కునుంచో? 104 రోజులు! మా మేనల్లుడి కాఫీ రహస్యం తెలిసింది కదా?

వాడి కష్టం అక్కడితో ఆగలేదు. వాడి ర్యామ్ 4 జీబీలే. బల్ల చిన్నదైతే, కొత్త పుస్తకం పెట్టడానికి పాతది తీసి బీరువాలో పెట్టాలి. మళ్ళీ అది కావాలంటే ఇది తీసి అది తేవాలి. ప్రాసెసరు పాపం చేతులు కట్టుకుని చూస్తూంటుంది. అందుచేత తక్కువ డబ్బుతో కొనేటప్పుడు నేను ముందు చూసేవి రెండే: ఎస్.ఎస్.డి. ఉందా, ర్యామ్ 8 జీబీలైనా ఉందా. ఎస్.ఎస్.డి. 256 జీబీలే అయినా పరవాలేదు. సినిమాలు పెన్‌డ్రైవులో దాచుకోవచ్చు. బాగా చవక యంత్రాల మీద ఒక్కోసారి "ఇ.ఎం.ఎం.సి." అని రాసి ఉంటుంది. అదీ చిప్పే గాని, మామూలుగా ఎస్.ఎస్.డి.కన్నా నెమ్మది. పైగా బోర్డుకు అతికించి ఉంటుంది, తరవాత మార్చుకోలేం.

ప్రాసెసరు మీద "ఐ5" అని చూసి మురిసిపోకండి. అది ఏ సంవత్సరానిదో అడగండి. 2012 నాటి ఐ5-3320ఎం లో రెండు కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు రెండు. 2022 నాటి ఐ3-1215యు లో ఆరు! వాడిన ల్యాప్‌టాప్ కొనేవారికి ఇది మరీ ముఖ్యం. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరంనుంచి ఉన్నవే పనికొస్తాయి.

తెర 1,920 × 1,080 చుక్కలది అయితే మంచిది. 1,366 × 768 దానికన్నా చుక్కలు రెట్టింపు. మీరే గుణించి చూడండి.

ఇక బ్యాటరీ. పెట్టెమీద "12 గంటలు" అని ఉంటే దాన్ని పక్కన పెట్టి, "వాట్-అవర్లు" ఎన్నో వెతకండి. 42 వాట్-అవర్ల బ్యాటరీ ఉందనుకుందాం. రాసుకోవడం, చదువుకోవడం లాంటి పనులకు యంత్రం 7 వాట్లు తింటే, 42ని 7తో భాగించండి: 6 గంటలు. తెర వెలుగు పెంచి వీడియోలు చూస్తే 12 వాట్లు తినవచ్చు. అప్పుడు మూడున్నర గంటలే. పైగా ఏళ్ళు గడిచేకొద్దీ బ్యాటరీ ఓపిక తగ్గుతుంది. వేడి దానికి శత్రువు. పరుపు మీద పెట్టి గాలి ఆడకుండా వాడేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

చివరిది బరువు. 1981లో అమెరికాలో ఆస్బోర్న్-1 అని ఒక కంప్యూటరు వచ్చింది. "మోసుకుపోయే కంప్యూటరు" అని దాన్ని అమ్మారు. బరువు 11 కిలోలు! తెర చూస్తే 5 అంగుళాలు, బ్యాటరీ అసలు లేదు. దానితో పోలిస్తే ఈనాటివన్నీ దూదిపింజలే. కాని రెండు బస్సులు మారే భుజాన్ని అడగండి. బడిపిల్లల సంచి వాళ్ళ బరువులో పదోవంతు మించరాదని 2020 నాటి కేంద్రప్రభుత్వ విధానం చెబుతుంది. ఆ లెక్కే ఈ అమ్మాయికీ పట్టిస్తే, 45 కిలోల మనిషికి నాలుగున్నర కిలోలు. మా మేనల్లుడి ల్యాప్‌టాప్, దాని చార్జరు కలిసి రెండున్నర. అందుకే అది రెండో నెలనుంచే ఇంట్లో బల్ల దిగలేదు.

ఆ అమ్మాయి పెద్ద తెర కావాలంది. ల్యాప్‌టాపుల తెరను మూలనుంచి మూలకు కొలుస్తారు. 15.6 అంగుళాలది, 14 అంగుళాలది పక్కపక్కన పెట్టి, రెండూ ఆమె సంచిలో పెట్టించి, కొట్లోనే అటూ ఇటూ నడిపించాను. కొట్టతను నన్నో వింత మనిషిలా చూశాడు. నాలుగుసార్లు నడిచాక అమ్మాయే 14 అంగుళాలది తీసింది. 8 జీబీల ర్యామ్, ఇంకొకటి పెట్టుకోవడానికి ఖాళీ గాడి, 512 జీబీల ఎస్.ఎస్.డి. వచ్చేదారిలో కిరాణాకొట్టు తూకం మీద పెట్టాం. చార్జరుతో కలిపి 1 కిలో 720 గ్రాములు. మిగిలిన చోటులో రికార్డు పుస్తకాలూ, అన్నం క్యారేజీ పట్టాయి.