14.5 కాలి ధమనులకు అతిధ్వని పరీక్ష

గుండె నుండి రక్తాన్ని తీసుకుపోయే నాళాలు ధమనులని మీరు చదివారు. పొగ తాగడం, మధుమేహం వంటి కారణాల వల్ల వీటి లోపలి గోడలకు కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. అప్పుడు కొంతదూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. వ్యాధి ముదిరితే పాదం మీద పుండు మానదు, కాలు తీసివేయవలసి రావచ్చు. మూసుకుపోయిన చోటును దాటించి రక్తానికి వేరే దారి కల్పించే శస్త్రచికిత్సే బైపాస్.

అడ్డు ఎక్కడుందో ముందుగా ఎలా తెలుస్తుంది? 20,000 హెర్ట్జ్‌లు మించిన ధ్వని మనకు వినిపించదు. అదే అతిధ్వని. కదిలే రక్తకణాలను తాకి తిరిగివచ్చినప్పుడు దాని పౌనఃపున్యం మారుతుంది. దీన్ని డాప్లర్ ఫలితం అంటారు. ఈ మార్పును బట్టి యంత్రం రక్తవేగాన్ని లెక్కిస్తుంది.

నీళ్ల గొట్టం మూతిని వేలితో కొంచెం మూసి చూడండి. ధార వేగంగా చిమ్ముతుంది. ఇరుకైన ధమనిలోనూ అంతే. ఇరుకుకు ముందు వేగం సెకనుకు 100 సెం.మీ., ఇరుకులో 300 సెం.మీ. ఉంటే నిష్పత్తి 3. నిష్పత్తి 2 దాటితే ధమని వ్యాసం సగానికి పైగా తగ్గిందని సాధారణంగా భావిస్తారు.

కొత్త దారికి తరచు రోగి కాలి సిరనే వాడతారు. ఆ సిర తగినంత వెడల్పుగా ఉందా, దాన్ని కలపబోయే కింది ధమని బాగుందా అన్నది కూడా ఈ పరీక్షలో చూస్తారు. దీనికి ఎక్స్-కిరణాలు అక్కరలేదు. ధమని గోడలో కాల్షియం గట్టిపడిన చోట మాత్రం బొమ్మ స్పష్టంగా రాదు; అప్పుడు ఇతర పరీక్షలు అవసరమవుతాయి.

సరిచూసుకోండి: ఇరుకుకు ముందు వేగం సెకనుకు 80 సెం.మీ., ఇరుకులో 200 సెం.మీ. అయితే నిష్పత్తి ఎంత? (జవాబు: 2.5)