వాహనముపై పడిన రంగు తుంపర: దానిని తొలగించు విధము

గత వార్షికోత్సవమునకు ముందు మన పాఠశాల ఇనుప గేటుకు రంగు వేయించితిమి. పనివారు కుంచె వాడక, గాలి యంత్రముతో రంగును చిమ్మిరి. పిల్లలను దించుటకు వచ్చిన తల్లిదండ్రుల వాహనములు కొన్ని ఆ ప్రక్కనే నిలిచియుండెను. సాయంకాలమునకు వానిపై చేయి వేసినచో గరుకు కాగితమును తాకినట్లుండెను. వాహనములను దూరముగా నుంచుడని ముందుగా తెలుపకపోవుట మా లోపమే.

అంతకంటె మమ్ము బాధించిన విషయ మొకటి కలదు. పదవ తరగతి విద్యార్థి యొకడు తండ్రికి సాయపడదలచి, ఇంటనున్న థిన్నరుతో ఆ మచ్చలను తుడిచెను. మచ్చలు పోయినవి. కాని నల్లని ప్రక్క తొడుగు మెరుపు కోల్పోయి మెత్తబడెను. గుడ్డ పోగుల గుర్తులు దానిపై నిలిచిపోయెను. వాయిదాలింకను తీరని బండి అది. శ్రద్ధతో చేసిన పనికి ఆ బాలుడు చీవాట్లు తినవలసి వచ్చినది. అట్టి కష్టము మరియొక యింట కలుగకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ద్విచక్ర వాహనములకు ప్లాస్టిక్కు తొడుగులు క్రొత్తవి కావు. 1958లో జపానున హోండా సంస్థ విడుదల చేసిన సూపర్ కబ్ బండికే కాళ్ళ ముందరి కవచము ప్లాస్టిక్కుతో చేయబడెను. నేడు, బండ్లు తయారగు హోసూరులో నున్న మనకు తెలిసినట్లుగా, ఒకే వాహనమున పలు రకముల ప్లాస్టిక్కు లుండును. మెరుపుగల ప్రక్క తొడుగులు తరచుగా ఏ.బి.ఎస్. అను రకము. వంగెడి నల్లని మడ్గార్డులు పెక్కింట పాలీప్రొపిలీను. దీపపు అద్దము సాధారణముగా పాలీకార్బొనేటు. తొడుగు లోపలి వైపున ఏ.బి.ఎస్., పి.పి., పి.సి. అను అక్షరములు అచ్చువేసి యుండుట కలదు. వానిని చూచి రకమును గుర్తింపవచ్చును. థిన్నరు, ఎసిటోను, గోళ్ళరంగు తుడుచు ద్రవము ఇనుమును కరగింపవు, ఏ.బి.ఎస్.ను మాత్రము కరగించును. పాలీకార్బొనేటును మసకబార్చి పగుళ్ళు తెచ్చును. పెట్రోలును సురక్షితము కాదు. ఇనుప ట్యాంకుపై చెల్లిన ఉపాయము ప్లాస్టిక్కుపై చెల్లకపోవుటకు కారణ మిదియే.

తుంపర యనగా గాలిలో తేలి, సగము ఆరి, వచ్చి అంటుకొన్న రంగు రేణువులు. అవి పెక్కుమారులు పైపైననే అతుకుకొనియుండును గావున, వానిని కరగించుటకంటె పెకలించుట మేలు. పడిన రంగు ఏదియో ముందుగా కనుగొనవలెను. గోడలకు వేయు ఎమల్షను రంగైనచో, తడి ఆరకమునుపే నీటితో కడిగిన చాలును; ఆరినచో సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డను కొంతసేపు కప్పియుంచి తుడువవలెను. సున్నపు చుక్కలైనచో నీరు కలిపిన వెనిగరు వానిని కరగించును. లోహ భాగములకు తగులనీయక వెంటనే నీటితో కడుగవలెను. గేట్లకు వేయు ఎనామెలు రంగైనచో ఈ క్రింది క్రమము ననుసరింపవలెను.

మొదట వాహనమును నీడన నిలిపి, తొడుగులు చల్లబడిన పిదప, దుమ్ము పోవునట్లు సబ్బు నీటితో కడుగవలెను. పొడి గుడ్డతో తుడిచినచో ఆ దుమ్మే గీతలు పెట్టును. తరువాత వాహనముల సామగ్రి అమ్ము అంగళ్ళలో క్లే బార్ అను పేర దొరకు బంకముద్దలో మెత్తని రకమును తెచ్చి, చిన్న ముక్కను చేతిలో అదిమి పలుచగా చేయవలెను. అరచేయంత స్థలమును సబ్బు నీటితో బాగుగా తడిపి, బలము పెట్టక, ముద్దను ముందుకు వెనుకకు నడుపవలెను. మొదట గరుకుగా పట్టుకొని, రేణువులు ఊడినకొలది నునుపుగా జారును. ముద్దను మాటిమాటికి మడచి శుభ్రమైన ముఖమును వాడవలెను. అది నేలపై పడినచో పారవేయవలెను. అంటిన ఇసుక రేణువొకటి చాలును, తొడుగంతయు గీతలగును. పలుచని ప్లాస్టిక్కు సంచిలో చేయి దూర్చి తడిమినచో మిగిలిన రేణువులు సులభముగా తెలియును.

అప్పటికిని పోని చుక్కలకు ఐసోప్రొపైల్ ఆల్కహాలును గుడ్డకు కొద్దిగా అద్ది, కంటికి కనబడని మూల మొదట పరీక్షించి, రంగు అంటకున్నచో క్షణకాలము తుడిచి వెంటనే నీటితో కడుగవలెను. గట్టిపడిన ఎనామెలుపై దీని ప్రభావము స్వల్పమే. ఓపికతో మరల ముద్దనే వాడుట మంచిది. కడపట చేతితో కొంచెము పాలిష్, దానిపై మైనము పూసినచో మెరుపు తిరిగివచ్చును. అంచులయందు రంగుపొర పలుచన గావున అచ్చట రుద్దరాదు.

మెరుపు లేని మ్యాట్ రంగు తొడుగులకు ముద్దయు పాలిష్‌యు పనికిరావు. రుద్దినచోటెల్ల మెరుపు మచ్చలు తేలును. గరుకు అచ్చుగల నల్లని తొడుగుల గుంటలలో ముద్ద ఇరుకుకొనును. వానికి సబ్బు నీరు, మెత్తని నైలాను బ్రష్షు చాలును. పాలిష్, మైనము బ్రేకు డిస్కుకు, టైరుకు, సీటుకు తగులనీయరాదు. ఆల్కహాలు మండెడి ద్రవము. గాలి యాడుచోట, పొయ్యికి దూరముగా, పెద్దల సమక్షమున మాత్రమే వాడవలెను.

ఒకసారి మెత్తబడిన ప్లాస్టిక్కును ఏ పాలిష్‌యు పూర్వస్థితికి తేజాలదు. తొడుగును మార్చుటయో, పనితనము తెలిసినవారిచే రంగు వేయించుటయో చేయవలెను. ఆ బాలుని యింటి బండికి క్రొత్త తొడుగును పాఠశాల ఖర్చుతో వేయించితిమి. ఇకపై రంగు పనికి మూడు దినముల ముందుగానే పిల్లల డైరీలలో తెలుగున వ్రాసి పంపెదము. తల్లిదండ్రులు ఆ దినమున వాహనములను గాలి వీచు దిక్కున నిలుపక, దూరముగా నుంచ ప్రార్థన. మచ్చ పడినను, చేతికందిన సీసా నెత్తుటకు ముందు ఒక్క మాట అడుగుమని పిల్లలకు తెలుపుడు. అడిగినవారిని కసరక సమాధానము చెప్పుట మన పెద్దల బాధ్యత.