బాలింత నొప్పి మాత్ర వేసుకుంటే బిడ్డకు చేరేది ఎంత?

సిజేరియన్ అయిన తల్లిని ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రిలో రాసిచ్చే మందుల్లో నొప్పి మాత్రలు తప్పకుండా ఉంటాయి. ఇంటికి రాగానే వాటిని చూసి పెద్దవాళ్లు "ఆ మందు పాలల్లోకి దిగుతుందమ్మా, కొంచెం ఓర్చుకో" అంటారు. కొందరు తల్లులు ఓర్చుకుంటారు. మరికొందరు మాత్ర వేసుకుని, ఆ పూట పాలు పిండి పారబోసి, బిడ్డకు డబ్బాపాలు పడతారు. ఎలా చూసినా నష్టపోయేది బిడ్డే. కుట్లు సలుపుతుంటే లేచి కూర్చుని బిడ్డను సరిగా పట్టుకోవడం కష్టం. బిడ్డ తాగడం తగ్గితే పాలు ఊరడమూ తగ్గుతుంది.

ఇది కొద్దిమంది సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో అవి 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం.

పెద్దవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. తల్లి మింగిన మందుల్లో చాలావరకు ఎంతో కొంత పాలల్లోకి వెళ్తాయి. తేల్చుకోవలసింది ఆ 'ఎంతో కొంత' ఎంత అన్నదే.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి నొప్పినీ వాపునూ కలిపి తగ్గించే మందులు. దెబ్బతిన్న చోట శరీరం తయారుచేసే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను ఇవి అడ్డుకుంటాయి. ఇవి పాలల్లోకి పెద్దగా వెళ్లకపోవడానికి కారణం వాటి స్వభావంలోనే ఉంది. ఐబుప్రొఫెన్ రక్తంలో చేరాక దాదాపు 99 శాతం ప్రోటీన్లకు అతుక్కుని ఉంటుంది. అలా అతుక్కున్న మందు పాలల్లోకి దాటలేదు. విడిగా తిరిగే ఆ ఒక్క శాతమే దాటగలదు. పైగా ఇది బలహీనమైన ఆమ్లం. పాలకన్నా రక్తానికి క్షారగుణం కాస్త ఎక్కువ కాబట్టి ఇలాంటి ఆమ్లాలు రక్తంవైపే ఉండిపోతాయి. రక్తంలోనూ ఎక్కువసేపు నిలవదు, సుమారు 2 గంటల్లో సగానికి తగ్గిపోతుంది.

లెక్క వేసి చూడవచ్చు. 1980లలో ఒక పరిశోధనలో 12 మంది తల్లులకు 6 గంటలకోసారి 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ ఇచ్చి పాలను పరీక్షించారు. ఎవరి పాలల్లోనూ లీటరుకు 1 మిల్లీగ్రాము కూడా కనిపించలేదు. 6 కిలోల బిడ్డ రోజుకు సుమారు 900 మిల్లీలీటర్ల పాలు తాగుతుందనుకుంటే, రోజంతా కలిపి చేరేది 1 మిల్లీగ్రాము లోపే. అదే బిడ్డకు జ్వరమొస్తే డాక్టరు నేరుగా ఇచ్చే ఐబుప్రొఫెన్ ఒక్క మోతాదుకే 30 నుంచి 60 మిల్లీగ్రాములు. ఇంత తేడా ఉన్నప్పుడు పాలు పిండి పారబోయడంలో అర్థం లేదు.

పుట్టిన తొలి రోజుల మాటేమిటి? అప్పుడు పాలు తయారుచేసే కణాల మధ్య సందులు కాస్త తెరుచుకుని ఉంటాయి, మందు దాటడం సులువవుతుంది. కానీ ఆ రోజుల్లో బిడ్డ తాగేది కొద్దిపాటి ముర్రుపాలే కాబట్టి మొత్తంమీద చేరేది తక్కువే.

ఈ భయానికి మరో మూలం కూడా ఉంది. గర్భంతో ఉండగా ఈ మందులు వాడొద్దని డాక్టర్లు గట్టిగా చెబుతారు, అది సరైన సలహానే. గర్భంలో బిడ్డకు మందు చేరేది పాల ద్వారా కాదు, మాయ ద్వారా. 20 వారాలు దాటాక ఈ మందులు బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గించవచ్చు. చివరి నెలల్లోనైతే బిడ్డ గుండె దగ్గర తెరిచి ఉండాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోవచ్చు. పుట్టాక ఆ నాళం ఎలాగూ మూసుకోవాల్సిందే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో అది మూసుకోకపోతే, మూయించడానికి ఐబుప్రొఫెన్‌నే నేరుగా ఎక్కిస్తారు కూడా.

అలాగని ఈ మందులన్నీ ఒకటి కావు. డైక్లోఫెనాక్ కూడా త్వరగా శరీరం వదిలిపోతుంది. నాప్రొక్సెన్ రక్తంలో సగానికి తగ్గడానికే 12 నుంచి 17 గంటలు పడుతుంది. కొద్ది రోజులకైతే ఫరవాలేదు గానీ, వారాల తరబడి వాడాలంటే వేరేది మేలు. నొప్పికి వాడే పెద్ద మోతాదు ఆస్పిరిన్ వద్దు, పసిబిడ్డ శరీరం దాన్ని నెమ్మదిగా వదిలించుకుంటుంది. గుండెజబ్బు, బీపీ వంటి కారణాలకు డాక్టరు రాసే 75 మిల్లీగ్రాముల మాత్ర సంగతి వేరు, దాన్ని సొంతంగా మానకూడదు. నిమెసులైడ్‌ను మన దేశంలో 12 ఏళ్లలోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు. అది ఎంత పాలల్లోకి వెళ్తుందన్న సమాచారమూ తక్కువే. మంచి మందులుండగా దాని జోలికి వెళ్లాల్సిన పని లేదు.

బిడ్డ బాగా నెలలు తక్కువగా పుట్టినా, గుండె లోపం ఉన్నా, రక్తంలో ప్లేట్‌లెట్లు తక్కువున్నా పిల్లల డాక్టరును అడిగే వాడాలి. తల్లికి కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నా, నొప్పి మాత్రతో ఉబ్బసం వచ్చే గుణమున్నా ఇవి పనికిరావు. వానాకాలంలో జ్వరం వస్తే మరీ జాగ్రత్త. అది డెంగీ అయితే ఈ మందులు రక్తస్రావం ముప్పు పెంచుతాయి, అప్పుడు పారాసెటమాల్ ఒక్కటే వాడాలి.

మెడికల్ షాపులో 'పెయిన్ కిల్లర్' అని అడిగితే చేతికొచ్చేది తరచూ రెండు మందులు కలిపిన మాత్ర. కొన్నిట్లో పారాసెటమాల్‌తో పాటు ట్రమడాల్ ఉంటుంది. ట్రమడాల్ ఈ కుటుంబానిది కాదు, నల్లమందు తరహాది. కొందరు తల్లుల శరీరం దాన్ని చాలా వేగంగా బలమైన రూపంలోకి మారుస్తుంది. అది పాలల్లో చేరితే బిడ్డ మగతగా పడి ఉండవచ్చు, ఊపిరి మందగించవచ్చు. పాలిచ్చే తల్లులు ట్రమడాల్, కొడీన్ వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. స్ట్రిప్పు మీద ఉండే కంపెనీ పేరు ఇదేమీ చెప్పదు. అక్కడే రాసి ఉండే మందు పేర్లనే చూడాలి.