బ్లూగ్రాస్ సంగీతోత్సవములు

అమెరికా సంయుక్తరాష్ట్రములందు ‘బ్లూగ్రాస్’ అను పేర నొక సంగీతసంప్రదాయము ప్రసిద్ధమై యున్నది. బ్లూగ్రాస్ అనఁగా నీలితృణము. ఇది కెంటకీ రాష్ట్రమునఁ బెరుగు నొక పచ్చిక. దానినిఁ బట్టియే యా రాష్ట్రమునకు నీలితృణరాష్ట్రమని వాడుక గలిగినది. 1911వ సంవత్సరమున నచట జన్మించిన బిల్ మన్రో తన మేళమునకు జన్మభూమిపేర ‘బ్లూగ్రాస్ బాయ్స్’ అని నామకరణము గావించెను. పిదప మేళముపేరే సంప్రదాయమునకుఁ బేరైనది. ఈ సంగీతము నేఁటివఱకును నిలిచియుండుటకు ఆరుబయట జరుగు నుత్సవములు ముఖ్యకారణములు. అవి దాని నెట్లు నిలిపినవో యిందు విచారింతము.

ఈ మేళమున ఫిడేలు, మాండొలిను, గిటారు, అయిదుతంతుల బాంజో, నిలువెత్తు బాసు అను తంత్రీవాద్యములు ప్రధానములు. బాంజో, ఆఫ్రికానుండి బానిసలుగాఁ గొనిపోఁబడినవారి వాద్యములనుండి పుట్టినది; ఫిడేలు ఐరోపానుండి వలసవచ్చినవారిది. డోలు, మద్దెలవంటివి సామాన్యముగా నుండవు. మాండొలినుతంతులను మీటిన వెంటనే యణఁచి పుట్టించు పొట్టిధ్వనియే తాళముగాఁ జెల్లును. 1945 డిసెంబరులో మన్రోమేళమునఁ జేరిన ఎర్ల్ స్క్రగ్స్ మూఁడువ్రేళ్లతో బాంజో మీటు వేగవంతమైన పద్ధతి యీ సంగీతమునకు ముఖ్యలక్షణమైనది. చరణమునకుఁ జరణమునకు నడుమ నొక్కొక్క వాద్యకుఁడు ముందునకు వచ్చి తన కల్పనముఁ జూపి వెనుకకుఁ దొలఁగును. వీడివచ్చిన యిల్లు, కన్నతల్లి, విరహము, మరణము, దైవభక్తి పాటలకు విషయములు. ముఖ్యగాయకుని గళమునకుఁ బైస్థాయిని వేఱొక గళము తోడగుటచేఁ బాటకు నొకవిధమగు నార్తి గలుగును.

1955 ప్రాంతమున రాక్ అండ్ రోల్ సంగీతము ప్రబలుటతో నీ మేళములకు నాదరణము తగ్గెను. 1961 జూలై 4వ తేదిని వర్జీనియాలోని లూరే పట్టణమున నొకదినపు సభ జరిగినది. 1965 సెప్టెంబరులో కార్ల్‌టన్ హేనీ యను నతఁడు అదే రాష్ట్రమునందలి ఫిన్‌కాసిల్ చెంత గుఱ్ఱములఁ బెంచు నొక క్షేత్రమునఁ బెక్కుదినముల యుత్సవమును మొదటిసారిగా నడపెను. అందు మన్రోను వేదికపై నిలిపి, పూర్వమాయన మేళమున నుండి పిదప వేఱైనవారిని గ్రమముగాఁ బిలిచి, నాఁటి పాటలను మరల నాయనతోఁ బాడించుచు సంప్రదాయచరిత్రమును వినిపించెను. గ్రంథమునఁ జదువవలసిన పరంపర శ్రోతలకుఁ బ్రత్యక్షమైనది. 1967లో మన్రోయే ఇండియానా రాష్ట్రమున బీన్ బ్లాసమ్ గ్రామమునం దుత్సవము నారంభించెను.

ఉత్సవస్థలము సాధారణముగాఁ జెట్లనీడగల పచ్చికబయలు. జనులు సకుటుంబముగా వచ్చి గుడారములలోను బండ్లలోను విడియుదురు. మడతకుర్చీలు తామే తెచ్చుకొని వేదికయెదుటఁ గూర్చుందురు. ఎండయు, వానయు, దుమ్మును, వంటలపొగయు సంగీతముతోఁ గలసియే యుండును. ఆదివారము ప్రాతఃకాలమున భక్తిగీతములు పాడుట పలుచోట్ల నాచారము.

అయినను ఉత్సవమునకుఁ బ్రాణము వేదిక గాదు. చీఁకటి పడఁగానే గుడారములనడుమను, బండ్లు నిలుపు బయలునందును జనులు చిన్నచిన్న వలయములుగా నిలిచి వాయింపసాగుదురు. ఈ వలయములకు వ్రాయని నియమములు గలవు. క్రొత్తగా వచ్చినవాఁడు శ్రుతి చేసికొని యంచున వేచియుండవలెను. పాట నెత్తుకొన్నవాఁడు శ్రుతిస్థానమును ముందుగాఁ దెలుపును. తలయూఁపుచేతనే వంతు నొకరినుండి యొకరికి నందించును. చేతఁగానివాఁడు తల యడ్డముగా నూఁపి వంతు వదలుకొనవచ్చును. అది చిన్నతనము గాదు. స్వరలిపి చూచి వాయించుట లేదు. బాలుఁడును వృద్ధుఁడును నొకే వలయమున నిలుతురు. బాలుఁడు వృద్ధుని వ్రేళ్లను జూచి నేర్చుకొనును.

ఇచట విచారణీయమైన యంశమొకటి గలదు. గ్రామఫోను పలక పాటయొక్క యొక రూపమును మార్పులేక నిలుపును. ఆ పాట రూపొందు విధమును నిలుపలేదు. ఎవ్వఁ డెప్పుడు ముందునకు రావలెనో, ఎంత తగ్గి వాయింపవలెనో, తప్పిన నెట్లు కలసికొనవలెనో వలయమే నేర్పును. 1974లో కొలరాడో కొండలలోని టెల్యురైడ్ పట్టణమున మొదలైన యుత్సవమువంటి పెద్ద యుత్సవములు నేఁ డితరసంగీతములకును జోటిచ్చుచున్నవి. శ్రోతలు పెరుగుట మేలే. కాని వేదికయే సర్వస్వమై వలయములు సన్నగిల్లినచో, శ్రోతలు మిగులుదురు గాని వాద్యకులు మిగులరు. మౌఖికవాఙ్మయమును సేకరించు పండితులును దీనిని గమనింపవలెను. పాఠమును మాత్రము వ్రాసికొని, అది యెవరినడుమ నేవిధమునఁ బ్రయోగింపఁబడుచుండెనో వ్రాసికొననిచో, దొరకినది పాట యగును గాని సంప్రదాయము గాదు.